అల్ హయాత్‌ను ఆపింది ఎవరు?

(జర్నలిజం విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

తొంభైల్లో, ఆ తర్వాతి పదేళ్లలో మన తెలుగు పత్రికల్లో అంతర్జాతీయ పేజీ చదివినవాళ్లకు ఒక వాక్యం గుర్తుండే ఉంటుంది. ‘లండన్ నుంచి వెలువడే ఒక అరబిక్ దినపత్రిక కథనం ప్రకారం...’ ఇరాక్ మీద యుద్ధం వచ్చినా, పాలస్తీనా చర్చలు చెడినా, బిన్ లాడెన్ ఏదైనా ప్రకటన చేసినా వార్త అలాగే మొదలయ్యేది. ఏజెన్సీ కాపీలో అలా వచ్చేది, డెస్క్‌లో మేం అలాగే తెలుగు చేసి పేజీకి పంపేసేవాళ్లం. అరబ్బుల పత్రిక లండన్‌లో ఎందుకుంది, దాన్ని కొనేదెవరు, నడిపేదెవరు అని అడిగే తీరిక డెడ్‌లైన్ ముందు ఎవరికీ ఉండదు. డెస్క్ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆ ప్రశ్న వెంట పడ్డాను. ఇవాళ చెప్పబోయేది దాని గురించే.

అలాంటి పత్రికలు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. 1977లో అల్ అరబ్, 1978లో అషర్క్ అల్ ఔసత్, 1989లో అల్ ఖుద్స్ అల్ అరబీ వచ్చాయి. ఇవి లండన్‌లోనే పుట్టాయి. అల్ హయాత్ సంగతి వేరు. అది 1946లో బీరూట్‌లో పుట్టింది, ఒకసారి మూతబడింది, పన్నెండేళ్ల తర్వాత లండన్‌లో మళ్లీ మొదలైంది. దాన్ని ఎంచుకోవడానికి నాకో కారణం ఉంది. ఆ పత్రిక స్థాపకుణ్ణి ఆఫీసులోనే కాల్చి చంపారు. ఆఫీసు మీద బాంబులు పడ్డాయి. ఆ తర్వాత ఉత్తరాల్లో బాంబులు వచ్చాయి. అన్నిటినీ తట్టుకున్న పత్రిక చివరికి జీతాలివ్వడానికి డబ్బుల్లేక ఆగిపోయింది. అది నన్ను చాలా బాధపెట్టిన విషయం. అలా ఎందుకైందో మీ ముందు పెట్టాలనే వచ్చాను.

మొదటి సంచిక 1946 జనవరి 28న వచ్చింది. పెట్టినాయన కామిల్ మ్రూవె. దక్షిణ లెబనాన్‌లోని ఒక షియా కుటుంబంలో పుట్టాడు, అప్పటికి ముప్పై దాటీ దాటని వయసు. అన్ నహార్ పత్రికలో పని నేర్చుకున్నాడు. లెబనాన్‌కి 1943లోనే స్వాతంత్ర్యం ప్రకటించినా ఫ్రెంచి సైన్యం ఇంకా పూర్తిగా వెళ్లిపోలేదు. అలాంటి రోజుల్లో ఒక యువకుడు పత్రిక పెట్టి, ఈజిప్టు మహాకవి అహ్మద్ షౌఖీ పద్యపాదం ఒకటి పేరు పక్కన వేసుకున్నాడు. జీవితమంటే ఒక విశ్వాసం, దాని కోసం పోరాటం అని దాని భావం. పత్రిక పేరు హయాత్, అంటే జీవితం. ఆ వాక్యం పత్రిక బతికినంత కాలం దాంతోనే ఉంది.

అరబ్బుల్లో ఒక నానుడి ఉంది: కైరో రాస్తుంది, బీరూట్ అచ్చేస్తుంది, బాగ్దాద్ చదువుతుంది. యాభైల్లో బీరూట్ నిజంగా అలాగే ఉండేది. సెన్సార్ తక్కువ, బ్యాంకులు ఎక్కువ, ప్రెస్సులు బోలెడు. పక్క దేశాల్లో అధికారం పోయిన మంత్రులు, పారిపోయిన సైనికాధికారులు, కవులు అందరూ అక్కడే కాఫీ హోటళ్లలో కూర్చునేవారు. మ్రూవె గొప్పతనం ఏమిటంటే, తన పాఠకుడు లెబనాన్‌లోనే ఉండాలని అనుకోలేదు. చమురు కంపెనీల్లో పనిచేయడానికి వచ్చిన విదేశీయుల కోసం 1952లో ది డైలీ స్టార్ అనే ఇంగ్లిష్ పత్రిక పెట్టాడు. 1959లో ఫ్రెంచిలో ఇంకొకటి. ఇన్ని భాషల్లో పత్రికలు నడుపుతున్న మనిషికి ప్రెస్సులో ఏది ఎంత సమయం తింటోందో తెలియకుండా ఉండదు కదా. ఇక్కడ ఆయన చేసిన ఒక పని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ పని ఆయన పత్రికను దాటి పోయింది.

అరబిక్‌లో అక్షరాలు కలిపి రాస్తారు. ఒకే అక్షరం మాట మొదట్లో ఒక రూపంలో, మధ్యలో ఒక రూపంలో, చివర ఇంకో రూపంలో, విడిగా ఉంటే మరో రూపంలో ఉంటుంది. అక్షరాలు ఇరవై ఎనిమిదే. రూపాలు, జంట రూపాలు కలిపితే అచ్చులో వందలకు పోతాయి. మన గుణింతాలు, వత్తులతో చేతి కంపోజింగ్ చేసిన పాత కంపోజిటర్లను అడగండి, ఆ బాధ ఎలాంటిదో వాళ్లే చెబుతారు. మరి ఇంగ్లిష్ పత్రికలు అప్పటికే లైనోటైప్ యంత్రం వాడుతున్నాయి. ఆపరేటర్ కీబోర్డు ముందు కూర్చుని కొడుతుంటే కరిగిన సీసం ఒక్కో లైను చొప్పున పోతపోసుకుని బయటికి వస్తుంది. ఆ యంత్రంలో మామూలుగా ఉండేది అక్షరాల అచ్చులు పేర్చే తొంభై గాడులు, తొంభై కీలు. ఇంగ్లిష్‌కి సరిపోతుంది. అరబిక్‌కి సరిపోక పక్కన అదనపు పెట్టెలు తగిలించాలి, ఆపరేటర్ చెయ్యి మాటిమాటికీ అటు పోవాలి, పని నెమ్మదిస్తుంది.

మ్రూవె యంత్రాన్ని వదిలేసి లిపి వైపు చూశాడు. మాట మొదట వచ్చే రూపం, మధ్యలో వచ్చే రూపం ఒకటే అయితే ఏమవుతుంది? చివరి రూపం, విడి రూపం ఒకటే అయితే? కొన్ని మొండి అక్షరాలను మినహాయిస్తే చదివేవాడికి ఇబ్బంది రాదని తేల్చుకున్నాడు. నాలుగు రూపాలు రెండయ్యాయి. మొత్తం లిపి తొంభై గాడుల్లో ఇమిడిపోయింది. లైనోటైప్ కంపెనీ ఆ పద్ధతిని తీసుకుని, ఆయన పేరు కూడా కలిపి, సింప్లిఫైడ్ అరబిక్ అనే అక్షరశైలిని విడుదల చేసింది. కాలిగ్రఫీని ప్రాణంగా చూసుకునేవాళ్లకు అది నచ్చలేదు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కలం కదలికలో ఉండే అందం కొంత పోయిన మాట నిజం. కానీ అరబ్ దేశాల దినపత్రికలు ఆ పద్ధతిని అందిపుచ్చుకున్నాయి. సీసం పోయి ఫోటో కంపోజింగ్ వచ్చినా, అదీ పోయి కంప్యూటర్లు వచ్చినా ఆ పేరు పోలేదు. మైక్రోసాఫ్ట్ ఫాంట్ల జాబితాలో సింప్లిఫైడ్ అరబిక్ అనే పేరు ఈ రోజుకీ కనిపిస్తుంది. ఒక సంపాదకుడు రాసిన సంపాదకీయాలు ఎవరికీ గుర్తుండకపోవచ్చు, ఆయన తగ్గించిన అక్షరాలతో ఆయన్ని తిట్టినవాళ్ల పత్రికలు కూడా అచ్చయ్యాయి. నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

ఇక డబ్బు సంగతి. బీరూట్‌లో అన్ని పత్రికలు ఉండేవి గాని, అన్నిటినీ పోషించేంత మంది పాఠకులు లెబనాన్‌లో లేరు. చాలా చిన్న దేశం. మరి ఎలా నడిచేవి? ఒక పత్రిక వెనక ఈజిప్టు, ఒకదాని వెనక ఇరాక్, ఒకదాని వెనక సౌదీ, ఇంకోదాని వెనక పాశ్చాత్య దేశం. లెబనాన్ అధ్యక్షుడు షార్ల్ హెలూ తనను కలవడానికి వచ్చిన లెబనాన్ విలేకరులనే ‘మీ రెండో దేశం లెబనాన్‌కు స్వాగతం’ అని పలకరించాడని చెప్పుకుంటారు. హెలూ కూడా ఒకప్పుడు పత్రికా రచయితే, తెలిసే అన్నాడు. అల్ హయాత్ ఈజిప్టు అధ్యక్షుడు నాసర్‌ను గట్టిగా వ్యతిరేకించింది, సౌదీ వైపు మొగ్గింది. అప్పట్లో బీరూట్ వీధుల్లో నాసర్ అంటే జనానికి దేవుడితో సమానం. ఆ రోజుల్లో ఆయన్ను రోజూ మొదటి పేజీలో విమర్శించడం మాటలు కాదు. 1966 మే 16న ఒక యువకుడు అల్ హయాత్ ఆఫీసులోకి వెళ్లి, బల్ల దగ్గర కూర్చున్న మ్రూవెను కాల్చి చంపాడు. హంతకుడు నాసర్ అభిమాన వర్గానికి చెందినవాడు.

పత్రిక ఆగలేదు. కుటుంబం నడిపించింది. ఇంకో పదేళ్లు నడిచింది. 1975లో అంతర్యుద్ధం మొదలై బీరూట్ రెండు ముక్కలైంది. అక్కడ ఆఫీసుకు వెళ్లడమే ప్రాణాలతో చెలగాటం, కాగితం దొరకదు, వ్యాన్లు రోడ్డు దాటవు. ఆఫీసు మీద బాంబు దాడులు జరిగాయి. 1976లో మూసేశారు.

మూసేసింది అల్ హయాత్ ఒక్కటే కాదు. బీరూట్ పత్రికా రంగం సూట్‌కేసులు సర్దుకుని పారిస్‌కు, లండన్‌కు వెళ్లిపోయింది. లండన్‌లో సెన్సార్ లేదు, మంచి ప్రెస్సులున్నాయి. 1973 తర్వాత చమురు ధర పెరగడంతో డబ్బున్న అరబ్బులు, వాళ్ల బ్యాంకులు, వాళ్ల వ్యాపారాలు అప్పటికే అక్కడ చేరాయి. అయితే ఊరు మారినంత మాత్రాన ప్రాణభయం పోలేదు. అల్ హవాదిస్ అనే వారపత్రిక సంపాదకుడు సలీమ్ అల్ లౌజీ లండన్‌లో ఉంటూ, 1980లో అయినవాళ్ల కోసం బీరూట్ వెళ్తే ఎత్తుకుపోయి చంపారు. ఆయన రాసే చేతిని యాసిడ్‌తో కాల్చారు. పాలస్తీనా కార్టూనిస్టు నాజీ అల్ అలీని 1987 జులైలో లండన్ వీధిలోనే, తాను పనిచేసే పత్రికాఫీసు దగ్గర తలమీద కాల్చారు. ఐదు వారాల తర్వాత చనిపోయాడు. ఆయన గీసిన హందలా అనే పిల్లాడి బొమ్మను మీరు చూసే ఉంటారు. చేతులు వెనక్కి కట్టుకుని, మనకు వీపు చూపిస్తూ నిలబడి ఉంటాడు.

ఆ హత్య జరిగిన మరుసటి ఏడాది, 1988లో, కామిల్ మ్రూవె కొడుకు జమీల్ అల్ హయాత్‌ను లండన్‌లో మళ్లీ మొదలుపెట్టాడు. సంపాదకుడు జిహాద్ అల్ ఖాజెన్. పదేళ్ల కిందట అషర్క్ అల్ ఔసత్‌కు మొదటి సంపాదకుడూ ఆయనే. చాలా అరబ్ రాజధానుల్లో విలేకరుల్ని పెట్టుకున్నారు. పేజీలు లండన్‌లో తయారై, శాటిలైట్ ద్వారా వేరే నగరాల ప్రెస్సులకు వెళ్లేవి. అంటే లండన్‌లో దిద్దిన పేజీ కొద్దిసేపట్లో గల్ఫ్‌లో ఫిల్మ్‌గా మారి, అక్కడి ప్రెస్సు మీద అచ్చయి, తెల్లారేసరికి అక్కడి షాపుల్లో ఉండేది. ఇందులో ఒక చిక్కుంది. రియాద్ గడియారం లండన్ కన్నా శీతాకాలంలో మూడు గంటలు, వేసవిలో రెండు గంటలు ముందుంటుంది. లండన్‌లో ఇంకా సాయంత్రమే, అమెరికాలో మధ్యాహ్నమే, వాషింగ్టన్ వార్తలు అప్పుడే వేడెక్కుతుంటాయి. కానీ గల్ఫ్ ఎడిషన్ పేజీలు వదలక తప్పదు. జిల్లా ఎడిషన్ల కోసం తొందరగా పేజీలు వదిలే టెన్షన్ మన సబ్ ఎడిటర్లకూ తెలుసు. అక్కడ ఆ టెన్షన్ దేశాల మధ్య ఉండేది.

పత్రిక చాలా బాగుండేది. అరబిక్ తెలిసిన మిత్రుల చేత చదివించుకుని విన్నాను, ఇంగ్లిష్‌లోకి వచ్చినవి చదివాను. ఇస్లామిస్టు పక్కనే సెక్యులరిస్టు, మార్క్సిస్టు పక్కనే ఉదారవాది రాసేవారు. పాలస్తీనా మూలాలున్న మేధావి ఎడ్వర్డ్ సయీద్ అందులో క్రమం తప్పకుండా రాశాడు. చివరి పేజీలో ఖాజెన్ ‘కళ్లూ చెవులూ’ అనే శీర్షిక ఏళ్ల తరబడి నడిపాడు. సిరియా పాఠకుడికి మొరాకోలో ఏం జరుగుతోందో, మొరాకో పాఠకుడికి యెమెన్‌లో ఏం జరుగుతోందో ఒకేచోట తెలియడం అంతకుముందు అంత తేలిక కాదు. ప్రతి దేశంలోనూ సొంత పత్రికలు మొదటి పేజీలో తమ పాలకుడి ఫోటో వేసుకునే కాలం అది.

మరి డబ్బు ఎవరిది? సౌదీ రాకుమారుడు ఖాలిద్ బిన్ సుల్తాన్‌ది. ఆయన తండ్రి సుల్తాన్ సౌదీ రక్షణ మంత్రి. ఖాలిద్ స్వయంగా 1991 గల్ఫ్ యుద్ధంలో అరబ్ సేనలతో కూడిన సంయుక్త దళాలకు నాయకత్వం వహించాడు. యుద్ధానికి కాస్త ముందు, 1990లో పత్రిక పూర్తిగా ఆయన చేతికి వచ్చింది. అషర్క్ అల్ ఔసత్ కథ కూడా సౌదీ కథే. దాన్ని పెట్టిన హిషామ్, మొహమ్మద్ అలీ హాఫిజ్ సోదరులు మదీనాలో పత్రిక నడిపిన కుటుంబం వాళ్లు. వాళ్ల సంస్థకు తర్వాత కాలంలో సుల్తాన్ తమ్ముడు సల్మాన్ కొడుకులు ఒకరి తర్వాత ఒకరు ఛైర్మన్లయ్యారు. ఆ సల్మానే 2015లో రాజయ్యాడు. ఈ రెండు కుటుంబ శాఖల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇందాక ముందు వరసలో ఒకమ్మాయి అడిగింది, లండన్‌లో ఉన్న పత్రికకు సౌదీ డబ్బు ఎందుకు, కాపీలు అమ్ముకుని బతకలేదా అని. మంచి ప్రశ్న. బతకలేదు. ఒక్క దేశానికి చెందని పత్రికకు ఖర్చు ఎక్కువ. ఇన్ని దేశాల్లో విలేకరులు, ఇన్ని నగరాల్లో ప్రెస్సులు, శాటిలైట్ అద్దె. ఆ ఖర్చు ప్రకటనలతో రావాలి. అరబ్ ప్రపంచంలో ప్రకటనల డబ్బు ఎక్కువగా ఉన్నది గల్ఫ్‌లో, అందులోనూ సౌదీలో. కారు కంపెనీ గానీ వాచీల కంపెనీ గానీ ప్రకటన ఇచ్చేది సౌదీ కొనుగోలుదారు చూస్తాడని. సౌదీలోకి పత్రికను రానివ్వకపోతే ఆ ప్రకటన రాదు. లండన్‌లో రాసే స్వేచ్ఛ ఉంది, అమ్ముకునే స్వేచ్ఛ మాత్రం రియాద్ అధికారుల చేతిలో ఉంది. రాకుమారుడి పత్రికకైనా ఇది తప్పలేదు. 2007 ఆగస్టులో అల్ హయాత్‌ను సౌదీలో కొన్ని రోజులు ఆపేశారు. మిగతా దేశాల్లోనూ ఏ రోజు కట్టలు విమానాశ్రయంలో నిలిచిపోతాయో తెలియని పరిస్థితే. అందుకే ఆ పత్రికలో సౌదీ రాజకుటుంబం గురించి లోతైన వార్తలు కనిపించవు. మిగతా ప్రపంచం గురించి ధైర్యంగా రాసిన పత్రికకు ఆ ఒక్క చోట నోరు లేదు. ఆ పత్రికను ఎంత ఇష్టపడినా ఈ మాట దాచకూడదు.

మన వాళ్లకు దీనితో ఒక చిన్న సంబంధం ఉంది. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి సౌదీ వెళ్లినవాళ్లు షాపుల్లో లేతాకుపచ్చ రంగు పేజీల పత్రికలు చూసే ఉంటారు. అషర్క్ అల్ ఔసత్ అలా ఉండేది, దాని సోదర పత్రిక అరబ్ న్యూస్ కూడా. ఆ సంస్థే పనిచేయడానికి వచ్చినవాళ్ల కోసం 1994లో ఉర్దూ న్యూస్, 1999లో మలయాళం న్యూస్ అనే దినపత్రికలు జెద్దాలో పెట్టింది. మన హైదరాబాదీలకు ఉర్దూ పత్రిక పనికొచ్చింది. తెలుగులో మాత్రం అలాంటిది రాలేదు. చదివేవాళ్లు ఒకచోట పోగై, ప్రకటనలిచ్చే వ్యాపారులు కూడా వాళ్లలోంచే వస్తేనే పత్రిక నిలుస్తుంది. మలయాళీలకు గల్ఫ్‌లో ఆ రెండూ ఉన్నాయి.

సరే, 1997కి వద్దాం. జనవరి 2న వాషింగ్టన్‌లో అల్ హయాత్ బ్యూరోకి కొన్ని కవర్లు వచ్చాయి. లోపల పండగ గ్రీటింగ్ కార్డులు. పైన ఈజిప్టులోని అలెగ్జాండ్రియా పోస్టల్ ముద్ర. కార్డుల్లో పేలుడు పదార్థం. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. జనవరి 13న లండన్‌లో హామర్‌స్మిత్ ఆఫీసుకు వచ్చిన కవరు మాత్రం పేలింది. ఇద్దరు సెక్యూరిటీ సిబ్బంది గాయపడ్డారు. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి భవనంలోని బ్యూరోకీ, రియాద్‌కూ అలాంటివే వచ్చాయి. అమెరికాలో లెవెన్‌వర్త్ జైలుకు కూడా పంపారు. ఎఫ్‌బీఐ భారీ బహుమతి ప్రకటించినా పంపినవాళ్లు దొరకలేదు. ఒక్కసారి ఆలోచించండి. పొద్దున్నే ఆఫీసుకు వచ్చి టపా విప్పడం అనేది మన పనిలో అన్నిటికన్నా మామూలు పని. పాఠకుడి ఉత్తరం ఉంటుంది, కవిత ఉంటుంది, పండగ శుభాకాంక్షలు ఉంటాయి. ఆ పని చేసే మనిషి మీద గురిపెట్టారు. ఆ తర్వాత కూడా పత్రిక వస్తూనే ఉంది.

మరి ఎలా పోయింది? నెమ్మదిగా. అల్ జజీరా 1996లో వచ్చింది. రేపటి పత్రికలో చదవాల్సిన చర్చ ఇవాళ రాత్రే ఇంట్లో టీవీలో వచ్చేసింది. తర్వాత ఇంటర్నెట్, ఫోన్లు. ఇది అన్ని పత్రికలకూ జరిగింది కాబట్టి ఎక్కువ చెప్పను. అరబ్ పత్రికలకు 2014లో చమురు ధర పడిపోయిన దెబ్బ అదనం. బీరూట్‌లోనే అస్ సఫీర్ అనే దినపత్రిక 2016 చివర్లో మూతబడింది. అల్ హయాత్‌కు వీటన్నిటితో పాటు ఇంకో దెబ్బ ఉంది. సుల్తాన్ 2011లో చనిపోయాడు. ఖాలిద్ 2013లో రక్షణ శాఖ ఉపమంత్రి పదవి పోగొట్టుకున్నాడు. 2015 నుంచి అధికారం సల్మాన్ శాఖ చేతుల్లోకి వెళ్లింది. ఆ శాఖ దగ్గరున్న అషర్క్ అల్ ఔసత్ ఇప్పటికీ నడుస్తోంది. అల్ హయాత్ సంపాదకుడిగా చాలా ఏళ్లు చేసిన గస్సాన్ షర్బిల్ 2016లో అక్కడికే వెళ్లాడు. రెండూ మంచి జర్నలిస్టులున్న పత్రికలే. ఒకటి నిలబడి ఒకటి పడిపోవడానికి వార్తల నాణ్యతలో తేడా కారణమని నేను అనుకోను. పోషకుడి చేతిలో అధికారం ఉండటం, పోవడం. అంతే.

సౌదీ జర్నలిస్టు జమాల్ ఖషోగ్గీ పేరు మీకు తెలుసు. తొంభైల్లో ఆయన అల్ హయాత్‌కు విలేకరిగా పనిచేశాడు, తర్వాత అందులో కాలమ్ రాశాడు. 2017 సెప్టెంబరులో ఆయన వ్యాసాలు ఆపేస్తున్నామని పత్రిక ప్రకటించింది. ఆయన వాషింగ్టన్ పోస్టుకు రాయడం మొదలుపెట్టాడు. 2018 అక్టోబరు 2న ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లో ఆయన్ను చంపారు. ఆ హత్యకు మూడు నెలల ముందే, 2018 జూన్ 30న, అల్ హయాత్ తన బీరూట్ ఆఫీసు మూసేసింది. పుట్టిన ఊళ్లో పత్రిక లేకుండా పోయింది. లండన్ ఆఫీసూ పోయింది. సిబ్బందికి నెలల తరబడి జీతాలు అందలేదు, వాళ్లు పని ఆపి నిరసన తెలిపారు. 2019 సెప్టెంబరులో వెబ్‌సైట్ అప్‌డేట్ కావడం ఆగింది. 2020 కల్లా మొత్తం ముగిసింది. ది డైలీ స్టార్ కూడా 2021లో పోయింది.

సంపాదకుడు చనిపోయిన మర్నాడు పత్రిక తెచ్చినవాళ్లు, టపాలో బాంబు పేలినా డ్యూటీకి వచ్చినవాళ్లు నాకు కళ్ల ముందు కనిపిస్తారు. వాళ్లను ఏ హంతకుడూ ఇంటికి పంపలేకపోయాడు. ఎకౌంట్‌లో జీతం పడని నెల పంపింది. పాఠకుడు ఇచ్చే డబ్బు మీద ఆ పత్రిక ఏనాడూ నిలబడలేదు, నిలబడే వీలూ దానికి దొరకలేదు. 1988లో లండన్‌లో గొప్పగా మొదలైన రోజే ఆ లోపం అందులో ఉంది. ఆ రోజు అది ఎవరికీ లోపంలా కనిపించి ఉండదు. రాకుమారుడి డబ్బు లేకపోతే అసలు పత్రికే లేదు.

ఇంకొక్క మాట చెప్పి ఆపేస్తాను. వెబ్‌సైట్ మూతబడ్డాక ఏళ్ల తరబడి జనం ఉటంకించిన వ్యాసాల లింకులు పనిచేయడం లేదు. పరిశోధకులు ఫుట్‌నోట్‌లో ఇచ్చిన చిరునామా నొక్కితే ఏమీ రాదు. సీసంతో అచ్చయిన 1946 నాటి సంచికలను మైక్రోఫిల్మ్ చేసి దాచుకోగలిగాం. నిన్నమొన్నటి 2010 నాటి వ్యాసం దొరకడం వాటికన్నా కష్టమైంది. మీలో ఎవరైనా పత్రికల ఆర్కైవ్‌ల మీద పనిచేయాలనుకుంటే సభ అయ్యాక కనిపించండి. మన తెలుగు పత్రికల పాత వెబ్ పేజీల గురించి కూడా మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.